సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఏ దారి పట్టాలి: మాన్యువలా, ఆటోమేషనా, లీడ్ ఉద్యోగమా?

మొన్న ఆదివారం మా చిన్నమ్మ కొడుకు ఇంటికొచ్చాడు, చేతిలో రెండు పాంప్లెట్లు. ఒకటి తిరుపతి బాలాజీ కాలనీలో ఎవరో పంచిపెట్టిందట, తొంభై రోజుల్లో మాన్యువల్ (చేత్తో టెస్ట్ చేయడం) ప్లస్ సెలీనియం (బ్రౌజర్‌ని స్క్రిప్ట్‌తో నడిపే టూల్) అని. ఇంకోటి అమీర్‌పేటలో ఉన్న స్నేహితుడు వాట్సాప్‌లో పంపితే ప్రింట్ తీయించుకొచ్చింది. "అక్కా, నువ్వు పదమూడేళ్లుగా ఇదే ఫీల్డులో ఉన్నావు కదా, వీటిలో ఏది తీసుకోమంటావు, అసలు టెస్టింగే తీసుకోవాలా, కోడింగ్ రానివాళ్లే దీనికి పోతారని మా క్లాసులో అందరూ అంటున్నారు" అని ఒక్క ఊపిరిలో అడిగేశాడు. ఆ మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి వాడికి చెప్పిందే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను. తిరుపతి, పుత్తూరు, శ్రీకాళహస్తి, చిత్తూరు వైపు నుంచి నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతారు, బాధేమిటంటే అందులో సగం మంది ఫీజు కట్టేశాక అడుగుతారు.

నా మాట ముందే చెప్పేస్తాను. మాన్యువలా, ఆటోమేషనా (స్క్రిప్ట్ రాసి మెషిన్ చేత టెస్ట్ చేయించడమా) అని అందరూ తెగ టెన్షన్ పడతారు కానీ అది రెండేళ్లలో దానంతటదే తేలిపోయే విషయం. జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది ఆరేడేళ్లు దాటాక వస్తుంది, టీమ్‌ని నడిపే లీడ్‌గా వెళ్లాలా, లేక పనిలోనే లోతుకు దిగాలా అని. అక్కడ చాలామంది అసలు ఎంచుకోరు. మేనేజర్ పిలిచి "నువ్వే లీడ్" అంటే సరేనంటారు, నాలుగేళ్ల తర్వాత వెనక్కి రావాలంటే దారి కనపడదు.

ముందు ఈ పని మీకు పడుతుందో లేదో చూసుకోండి

ఏ కోర్సులోనూ చేరకముందు, పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటి ఉంది. మన ఆర్టీసీ బస్సుల్లో 60 ఏళ్లు దాటినవాళ్లకు 25 శాతం రాయితీ ఉంది కదా. అలాంటి రాయితీ ఇచ్చే టికెట్ యాప్ ఒకటి మీ ముందు పెట్టి "ఇది సరిగ్గా పని చేస్తోందా చూడు" అన్నారనుకోండి. మామూలుగా ఎవరైనా 65 అని కొట్టి, రాయితీ వచ్చింది, సరే అంటారు. టెస్టర్ 59 కొడతాడు, 60 కొడతాడు, 61 కొడతాడు, ఎందుకంటే తప్పులు ఎప్పుడూ గట్టు మీదే ఉంటాయి, 60 కంటే ఎక్కువ అని రాయాలా, 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ అని రాయాలా అన్నచోట డెవలపర్ చెయ్యి జారుతుంది. తర్వాత సున్నా కొడతాడు, 150 కొడతాడు, ఖాళీగా వదిలేస్తాడు. వయసు బదులు పుట్టిన తేదీ అడిగితే ఫిబ్రవరి 29న పుట్టిన ఆయన్ని తెస్తాడు. ఇంకొంచెం ఆలోచించేవాడైతే ఇట్లా అడుగుతాడు: టికెట్ ఈ రోజు బుక్ చేశాం, ప్రయాణం పది రోజుల తర్వాత, ఆ మధ్యలో ఆయనకు 60 నిండితే రాయితీ ఇవ్వాలా వద్దా? ఈ చివరి ప్రశ్నకు కోడ్‌లో జవాబు ఉండదు, ఆ రూల్ రాసినవాళ్లనే పోయి అడగాలి.

ఇది చదువుతుంటే మీకు ఇంకో రెండు మూడు ప్రశ్నలు వాటంతటవే తట్టాయంటే, ఈ ఫీల్డుకి రండి. "ఇంత గొడవెందుకు, 65 కొడితే వచ్చింది కదా" అనిపిస్తే, వద్దు, నిజంగా వద్దు, డెవలప్‌మెంట్‌కో ఇంకోదానికో వెళ్లండి, అందులో తప్పేం లేదు. కోడింగ్ రాదు కాబట్టి టెస్టింగ్ అనుకొని మాత్రం రాకండి. రెండేళ్లు తిరక్కుండానే కోడ్ ఇక్కడా ఎదురవుతుంది, అప్పుడు ఎటూ పోలేని పరిస్థితి అవుతుంది.

మాన్యువల్, ఆటోమేషన్

రెండింటినీ ఎదురెదురుగా పెట్టి ఏది గొప్పది అని అడగడం నాకు నచ్చదు. కానీ ఎంచుకోవాలి కాబట్టి చెప్తాను. మాన్యువల్‌తో మొదలుపెట్టండి, దానిమీదే ఆగిపోకండి. మొదటి ఆరు నెలలు అప్లికేషన్‌ని చేత్తో నలిపి చూడటం, బగ్ (దొరికిన తప్పు) రాయడం, ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ (డేటాబేస్‌లోని పట్టికల్ని కలిపి సమాచారం తీయడం) రాయగలగడం, పోస్ట్‌మ్యాన్ అనే టూల్‌లో ఒక ఏపీఐని (సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) పిలిచి జవాబు చదవగలగడం, ఈ నాలుగూ వస్తే మీరు ఏ టీమ్‌లోనైనా నిలబడతారు. రెండో ఏడాది ముగిసేలోపు ఒక భాషలో ప్రోగ్రామ్ చదివి అర్థం చేసుకొని, చిన్నది రాయగలగాలి. అది రాకుండా కేవలం మాన్యువల్ మీదే ఐదేళ్లు దాటినవాళ్ల కోసం ఇప్పుడు ఇంటర్వ్యూ పిలుపులు బాగా తగ్గిపోయాయి, నేను స్వయంగా ఇంటర్వ్యూలు చేస్తాను కాబట్టి దాచకుండా చెప్తున్నాను.

సెలీనియమా, దానిలాంటిదే ఇంకో టూల్ ప్లేరైటా అన్నది ఇంకో ప్రశ్న. సెలీనియం 2004లో మొదలైంది, ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది, అందుకే బ్యాంకులు, ఇన్సూరెన్సుల పాత ప్రాజెక్టులు చాలావరకు జావా, సెలీనియం, టెస్ట్‌ఎన్‌జీ (జావాలో టెస్టులు నడిపేది) మీద నడుస్తున్నాయి. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు వైపు సర్వీస్ కంపెనీల్లో (బయటి క్లయింట్లకు పని చేసిపెట్టేవి) చేరేవాడికి ఇదే ఎక్కువ ఎదురవుతుంది. ప్లేరైట్ మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసింది, కొత్తగా మొదలయ్యే ప్రాజెక్టులు ఎక్కువగా అటు మొగ్గుతున్నాయి. పనిలో తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పేజీలో బటన్ ఇంకా రాకముందే స్క్రిప్ట్ నొక్కబోయి విఫలమయ్యే గొడవ ఉంటుంది చూడండి, సెలీనియంలో ఆ ఎదురుచూపుని మీరే రాసుకోవాలి, ప్లేరైట్ తనే బటన్ నొక్కడానికి సిద్ధమయ్యేదాకా ఆగుతుంది. సెలీనియం నేర్చుకునేవాళ్లు చేసే మొదటి తప్పు కూడా ఇక్కడే, ప్రతి లైన్ తర్వాత ఐదు సెకన్లు నిద్రపొమ్మని రాసేస్తారు, మూడొందల టెస్టులున్నచోట అదంతా కలిసి గంటలకు గంటలు అవుతుంది. నన్నడిగితే, జావా కాలేజీలో కొద్దోగొప్పో వచ్చినవాళ్లు జావా, సెలీనియంతో వెళ్లండి, ఏ ప్రోగ్రామింగ్ భాషా రానివాళ్లు టైప్‌స్క్రిప్ట్ అనే భాష, ప్లేరైట్‌తో మొదలుపెట్టండి. ఒకటి బాగా వస్తే రెండోది నెల పని. రెండూ సగం సగం నేర్చుకుంటే ఇంటర్వ్యూలో రెండింటిలోనూ దొరికిపోతారు.

ఆటోమేషన్ వచ్చాక మాన్యువల్ ఎందుకు అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మా చిత్తూరు వైపు చాలామందికి ఇంటిపేరు రాసుకునే అలవాటు ఉండదు, తమిళనాడు పక్కనే కాబట్టి తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒక్కటి ముందు పెట్టుకుంటారు, కె, ఎం, జి, అంతే. నేను బెంగళూరులో చేస్తున్నప్పుడు ఒక రిజిస్ట్రేషన్ ఫారానికి రెండొందలకు పైగా ఆటోమేషన్ టెస్టులు ఉండేవి, అన్నీ పచ్చగా పాసవుతున్నాయి. ఒకరోజు ఊరికే మా నాయన పేరుతో ఖాతా తెరుద్దామని కూర్చున్నాను. ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరం కొట్టగానే ఎర్రటి గీత, "కనీసం రెండు అక్షరాలు ఉండాలి". ఆ రెండొందల టెస్టుల్లో ఇంటిపేరు అంతా ఒకటే, ఎవరో ఎప్పుడో పెట్టిన ఎనిమిది అక్షరాల పేరు. మెషిన్ తనకు చెప్పినదాన్నే మళ్లీ మళ్లీ చూస్తుంది, చెప్పనిది దానికి తట్టదు. మా నాయనలాంటి వాళ్లు ఆ ఫారం ముందు ఎంతమంది ఆగిపోయారో అనుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఏఐ వస్తే ఈ ఉద్యోగాలు ఉంటాయా అని కూడా అడుగుతారు. చెప్పిన మాటకు స్క్రిప్ట్ రాసిపెట్టే పని తగ్గుతోంది, అది నిజం, మా టీమ్‌లోనే కళ్లారా చూస్తున్నాను. కానీ కోడ్ రాయడం వేగమయ్యేకొద్దీ చూడాల్సిన కోడ్ కూడా పెరుగుతోంది. పైన చెప్పిన బస్ టికెట్ యాప్‌కి టెస్ట్ కేసులు రాయమంటే ఏఐ ముప్పై రాసిస్తుంది, చూడ్డానికి నిండుగా ఉంటాయి. ప్రయాణం నాటికి 60 నిండితే ఎట్లా అన్న ప్రశ్న అందులో ఉందా లేదా అని వెతికే కన్ను మీకుండాలి. ఆ కన్ను ఉన్నవాళ్లకు భయం లేదు.

మూడో దారి కూడా ఒకటుంది, తక్కువమంది పడతారు: పర్ఫార్మెన్స్ టెస్టింగ్. తిరుపతి వాళ్లకు దీని గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా తెరిచే రోజు మనిళ్లల్లో ఎట్లా ఉంటుంది? నాన్న ఫోన్‌లో ఒకరు, అమ్మ ఫోన్‌లో ఒకరు, లాప్‌టాప్ ముందు ఇంకొకరు, టైమ్ కాకముందు నుంచే లాగిన్ అయి, నిమిషానికి పదిసార్లు పేజీ రిఫ్రెష్ చేస్తూ. ఆ జనం మెల్లమెల్లగా పెరగరు, ఒక్క క్షణంలో విరుచుకుపడతారు. అలాంటి తాకిడిని ముందే లెక్కగట్టి జేమీటర్ లాంటి టూల్‌తో నకలు సృష్టించి, ఎక్కడ సర్వర్ కుంగుతుందో, డేటాబేస్ కనెక్షన్లు ఎక్కడ అయిపోతున్నాయో చెప్పడమే ఈ పని. నిమిషానికి వందమంది చొప్పున నెమ్మదిగా పెంచి టెస్ట్ చేసి "బాగుంది" అని రిపోర్ట్ ఇచ్చినవాడు, అసలు రోజున తల దించుకుంటాడు. లెక్కలంటే ఇష్టం, నెట్‌వర్కులు, సర్వర్లంటే ఆసక్తి ఉన్నవాళ్లు దీన్ని తప్పకుండా చూడండి. దీంట్లో పోటీ తక్కువ, కాకపోతే ఓపెనింగ్స్ కూడా తక్కువే, అందుకని మూడేళ్లు మామూలు టెస్టింగ్ చేశాక ఇటు రావడం మేలు.

ఎక్కడ నేర్చుకోవాలి, సర్టిఫికెట్ కావాలా

ఇది త్వరగా చెప్పేస్తాను. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోర్సులు చవక, పక్కన కూర్చునేవాళ్లందరూ అదే ఉద్యోగ వేటలో ఉంటారు కాబట్టి వేడి ఉంటుంది, కానీ తిరుపతి నుంచి రాత్రంతా నారాయణాద్రి రైల్లో పోవాలి, మూణ్ణెల్ల హాస్టల్ ఖర్చు కోర్సు ఫీజుని మించిపోతుంది. బెంగళూరు రెండొందల యాభై కిలోమీటర్లు, బీటీఎం, మారతహళ్లిల్లో నేర్చుకుంటూనే ఇంటర్వ్యూలకు తిరగొచ్చు. చెన్నై అన్నిటికంటే దగ్గర, పొద్దున రైలెక్కితే ఇంటర్వ్యూ అయ్యాక అదే రోజు ఇంటికొచ్చెయ్యొచ్చు, మన చిత్తూరు పిల్లలకు తమిళం కూడా కొంచెం వస్తుంది. నా సలహా: నేర్చుకోవడం ఇంట్లో కూర్చొని నాలుగైదు నెలలు చేయండి, మంచి ఉచిత పాఠాలు బోలెడున్నాయి, చేతిలో చూపించడానికి రెండు సొంత ప్రాజెక్టులు గిట్‌హబ్‌లో (కోడ్ అందరికీ కనపడేలా పెట్టే సైట్) పెట్టాక అప్పుడు రూమ్ తీసుకోండి. ఉద్యోగం వెతకడానికి ఊరు మారాలి, నేర్చుకోవడానికి మారనక్కర్లేదు.

ఐఎస్‌టీక్యూబీ (టెస్టర్లకిచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్) ఫౌండేషన్ పరీక్ష 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 సరైతే పాస్, పరీక్ష భాష మన మాతృభాష కాకపోతే 75 నిమిషాలు ఇస్తారు. సిలబస్ 2023లో మారింది, పాత గైడ్లు కొనకండి. ఫ్రెషర్ దీనికి డబ్బు పెట్టాల్సిన పని లేదనే అంటాను. ఒక ఏడాది పని చేశాక రాస్తే అందులోని మాటలు అప్పటికే మీరు చేస్తున్న పనికి పేర్లని తెలుస్తుంది, చాలాచోట్ల కంపెనీయే ఫీజు కడుతుంది కూడా.

ఒక్క విషయంలో మాత్రం కోపంగానే రాస్తున్నాను. రెండేళ్ల అనుభవం పెట్టిస్తాం, పే స్లిప్పులు ఇస్తాం, ఇన్ని వేలు కట్టండి అనే కన్సల్టెన్సీలు ఉంటాయి. వాళ్ల గడప తొక్కకండి. పెద్ద కంపెనీలు చేరాక కూడా వెరిఫికేషన్ చేస్తాయి, పీఎఫ్ యూఏఎన్‌లో (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబర్) మీరు ఎక్కడెక్కడ పనిచేశారో చరిత్ర అంతా ఉంటుంది, అక్కడ లేని కంపెనీ రెజ్యూమెలో ఉంటే మూడో నెలలోనే ఇంటికి పంపుతారు. నా టీమ్‌లోనే ఒక అబ్బాయి అట్లా పోయాడు. పని బాగా చేసేవాడు, ఫ్రెషర్‌గా వచ్చుంటే నేనే తీసుకునేదాన్ని. బ్యాడ్జి టేబుల్ మీద పెట్టి వెళ్తూ "మా ఇంట్లో ఏం చెప్పాలి మేడం" అన్నాడు.

సర్వీస్ కంపెనీనా, ప్రొడక్ట్ కంపెనీనా (సొంత సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేది) అంటే, మొదటి ఉద్యోగానికి ఏది ముందొస్తే అది. రెండో ఉద్యోగానికి ప్రొడక్ట్ చూడండి, ఒకే సాఫ్ట్‌వేర్‌ని మూడేళ్లు చూస్తే వచ్చే లోతు వేరు.

ఇక అసలు సంగతి: లీడ్‌గా పోవాలా, లోతుకు పోవాలా

ఆరేడేళ్లు అయ్యాక ఒకరోజు మిమ్మల్ని పిలుస్తారు. అప్పుడు రెండు దారులుంటాయి. ఒకటి టెస్ట్ లీడ్, ఆపైన టెస్ట్ మేనేజర్. రెండోది ఎస్‌డెట్ (టెస్టుల కోసం కోడ్ రాసే ఇంజనీర్), ఆపైన టెస్ట్ ఆర్కిటెక్ట్, అంటే టెస్టులన్నిటికీ పునాదిగా ఉండే ఫ్రేమ్‌వర్క్ కట్టేది, కోడ్ మారినప్పుడల్లా దానంతటదే నడిచే పైప్‌లైన్‌లో టెస్టులు నడిపేది, టెస్ట్ డేటా ఎక్కడి నుంచి రావాలో తేల్చేది. జీతాలు మంచి కంపెనీల్లో రెండు వైపులా ఇంచుమించు పక్కపక్కనే పెరుగుతాయి, కాబట్టి డబ్బు చూసి ఎంచుకోకండి. మీ రోజు ఎట్లా గడవాలనుకుంటున్నారో చూసి ఎంచుకోండి.

లీడ్ రోజు ఎట్లా ఉంటుందో నా ఈ మంగళవారం చెప్తాను. ఇప్పుడు నేను తొమ్మిది మంది టీమ్‌ని తిరుపతిలో ఇంటి నుంచే చూస్తున్నాను, నెలకు ఒక వారం బెంగళూరు వెళ్తాను. పొద్దున తొమ్మిదిన్నరకు స్టాండప్, అంటే టీమ్ అంతా రోజూ కలిసే చిన్న మీటింగ్. తర్వాత డిఫెక్ట్ ట్రయాజ్ (ఏ బగ్ ముందు సరిచేయాలో తేల్చడం), పద్నాలుగు బగ్గులు, ఒక్కోదాని మీద డెవలప్‌మెంట్ లీడ్‌తో ఇది ఈ రిలీజ్‌లోనా (కస్టమర్లకు వదిలే వెర్షన్) వచ్చేదానిలోనా అని బేరం. పదకొండున్నరకు టీమ్‌లో ఒకమ్మాయి ఫోన్, వాళ్ల అత్తగారికి ఆపరేషన్, నాలుగు రోజులు సెలవు, ఆమె పని ఇద్దరికి పంచాలి. భోజనం తర్వాత వచ్చే రిలీజ్‌కి ఎన్ని రోజులు పడుతుందో అంచనా, నేను పన్నెండు రోజులంటే ప్రాజెక్ట్ మేనేజర్ ఏడు అంటారు. సాయంత్రం ఒక జూనియర్ రాసిన బగ్ రిపోర్టులు చూడటం. రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా వాళ్లతో కాల్. మొత్తం రోజులో కోడ్ తెరిచింది ఇరవై నిమిషాలు. ఇది చదివి మీకు ఊపిరాడనట్టు అనిపిస్తే లీడ్ మీ దారి కాదు, ఆ మాట మేనేజర్‌కి చెప్పడానికి మొహమాటపడకండి.

ఆర్కిటెక్ట్‌గా ఉన్న నా స్నేహితురాలి మంగళవారం వేరు. పొద్దున రెండు గంటలు ఒకే విషయం: రాత్రి నడిచిన పన్నెండు వందల టెస్టుల్లో ఒక ఇరవై టెస్టులు ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలవుతున్నాయి, ఎందుకు? చూస్తే రెండు టెస్టులు ఒకే యూజర్ ఖాతాని పక్కపక్కన వాడుతున్నాయి, ఒకటి పాస్‌వర్డ్ మార్చేసరికి రెండోది పడిపోతోంది. అది దొరికాక ఆమె గొంతులో ఆనందం చూడాలి. ఆమెకు కాల్స్ తక్కువ, ఇంటి నుంచి పని చేసే వీలు ఎక్కువ. తిరుపతిలోనే ఉండిపోవాలి, అమ్మానాన్నల్ని చూసుకోవాలి అనుకునేవాళ్లకు లోతు దారే అనుకూలం, ఇది గట్టిగా చెప్పగలను. లీడ్‌ని ఎప్పటికైనా ఆఫీసుకు రమ్మంటారు.

ఇంకో తేడా ఉంది, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. ఆర్కిటెక్ట్ నుంచి లీడ్‌గా మారడం తేలిక. లీడ్‌గా నాలుగేళ్లు చేసి తిరిగి టెక్నికల్ వైపు రావడం చాలా కష్టం, ఆ నాలుగేళ్లలో టూల్సు మారిపోతాయి, చేతివేళ్లు మర్చిపోతాయి. అందుకే ఎటూ తేల్చుకోలేకపోతే పదేళ్లదాకా టెక్నికల్ వైపే ఉండమంటాను.

అయితే లీడ్ పని తక్కువదని అనుకోకండి, దాని బరువు వేరే. 2017 జూన్‌లో నేను మొదటిసారి లీడ్‌ని. కిరాణా షాపులు, సూపర్ మార్కెట్లు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, జులై 1 నుంచి జీఎస్టీ, అంతా కొత్త లెక్కలు, ఎవరికీ నిద్ర లేదు. జూన్ చివర్లో మా టీమ్‌లో అందరికంటే చిన్నమ్మాయి ఒక బగ్ రాసింది. 9 రూపాయల 80 పైసల వస్తువు, 5 శాతం పన్ను, అంటే 49 పైసలు. కానీ బిల్లులో కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం విడివిడిగా వేస్తారు కదా, సగం అంటే ఇరవై నాలుగున్నర పైసలు, దాన్ని 25 చేసి, రెండూ కలిపితే 50. ఒక చోట 49, ఒక చోట 50. పైసా తేడా. ఆ రోజు నా ముందు అరవై బగ్గులున్నాయి. నేను దానికి "లో" (తక్కువ ప్రాధాన్యం) అని పెట్టి వచ్చే రిలీజ్‌కి తోసేశాను. ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గర ఒక నిమిషం నిలబడి, ఏదో అనబోయి వెళ్లిపోయింది.

జులై 1 రాత్రి షాపులు మూసే వేళకు ఫోన్లు మొదలయ్యాయి. బిల్లుల మొత్తం ఒకటి, పన్ను రిపోర్ట్ మొత్తం ఒకటి, రెండూ కలవకపోతే మా సాఫ్ట్‌వేర్ రోజు లెక్క ముగించనివ్వదు. ఒక్కో షాపులో వేలాది బిల్లులు, పైసా పైసా పేరుకొని ఎక్కడా లెక్క కలవలేదు. ఆ రాత్రి తెల్లారేదాకా కూర్చొని సరిచేశాం. తప్పు ఆ అమ్మాయిది కాదు, డెవలపర్‌ది కూడా కాదు, తీర్పు నాది. నేను తేడా ఎంతో మాత్రమే చూశాను, ఎన్నిసార్లు జరుగుతుందో చూడలేదు, దాని వెనకాల ఏది ఆగిపోతుందో అడగలేదు. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి "ఆ రోజు నువ్వేమనబోయావు" అని అడిగాను. "మేడం, ఒక్క బిల్లు కాదు, రోజు ముగింపు చూడండి అందామనుకున్నాను" అంది. అప్పటి నుంచి నా టీమ్‌లో బగ్‌ని వాయిదా వేసే ముందు దాన్ని రాసినవాళ్ల మాట నోటితో వినడం నియమం, ఎంత హడావుడి ఉన్నా సరే.

కాబట్టి లీడ్ అవ్వాలనుకునేవాళ్లు టూల్సు పట్టికకంటే ముందు చూసుకోవాల్సింది ఇది: అందరూ రిలీజ్ కావాలని తొందరపడుతున్న గదిలో "ఇంకా కాలేదు" అని చెప్పగలరా, చెప్పినప్పుడు కారణం డబ్బు రూపంలోనో, ఆగిపోయే మనుషుల రూపంలోనో వివరించగలరా. టెస్ట్ కేసులన్నీ పాసైతే బాధ్యత తీరిందని కూడా అనుకోకూడదు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ ముప్పావుగంటలో సుమారు 44 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది, కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే చేరింది, ఎనిమిదోదానిలో పాత కోడ్ మిగిలిపోయి దానంతటదే షేర్లు కొంటూ అమ్ముతూ పోయింది. టెస్ట్ చేసిన కోడ్, అక్కడ నడిచే కోడ్ ఒకటేనా అని అడగడం కూడా లీడ్ పనే.

లీడ్ అయ్యాక వెంటనే చేయకూడని పని ఒకటుంది, ఎవరెన్ని బగ్గులు పట్టారో లెక్కబెట్టి అప్రైజల్ ఇవ్వడం. నేను పనిచేసిన ఒక చోట అట్లా చేశారు. నెల తిరక్కుండానే ఒకే బగ్ ఐదు ముక్కలై ఐదు నంబర్లతో రావడం మొదలైంది, కష్టమైన మాడ్యూల్ ఎవరూ ముట్టుకోలేదు, డెవలపర్లు టెస్టర్లని చూస్తే ముఖం తిప్పుకునేవారు. దానికి బదులు కస్టమర్ దగ్గర బయటపడ్డ బగ్గుల్ని నెలకోసారి అందరూ కలిసి కూర్చొని చూడండి, ఇది మన కళ్లకు ఎందుకు పడలేదు అని. పేర్లు తియ్యొద్దు.

జూనియర్లకు నేర్పాల్సిన మొదటి విషయం కూడా బగ్ రాయడమే. "లాగిన్ పని చేయట్లేదు" అని రాసిన రిపోర్ట్ డెవలపర్‌కి తిట్టులా తగులుతుంది. "పాస్‌వర్డ్ చివర ఖాళీ వదిలితే లాగిన్ అవ్వదు, క్రోమ్‌లో మూడుసార్లు ప్రయత్నించాను, ఫైర్‌ఫాక్స్‌లో అవుతోంది" అని రాస్తే ఆయన వెంటనే సీట్లో ముందుకు జరుగుతాడు. ఏం చేశాం, ఏం రావాలి, ఏం వచ్చింది, ఈ మూడు ఉంటే మీ వంతు పని అయిపోయినట్టే. నేను ఇంటర్వ్యూలో కూడా టూల్సు గురించి అడిగే ముందు ఒక బగ్ రాసి చూపించమంటాను, పది నిమిషాల్లో మనిషి తెలిసిపోతారు.

లీడ్ ఆఫర్ చేతికొస్తే, జీతం మాట్లాడుకున్నాక, వాళ్లని మీరు ఒక ప్రశ్న అడగండి: "రిలీజ్ వద్దని నేనంటే ఇక్కడ ఏమవుతుంది?" అది మేనేజర్ చూసుకుంటారు అని తేల్చేస్తే, పేరుకి లీడ్, పనికి రిపోర్టులు నింపడం, అది తెలిసే చేరండి. పోయినేడాది ఫలానా రిలీజ్‌ని టెస్టింగ్ వాళ్లు రెండు రోజులు ఆపారు, ఫలానా కారణానికి, తర్వాత ఇట్లా జరిగింది అని ఎవరైనా గుర్తు తెచ్చుకొని చెప్పారంటే, ప్యాకేజీ కొంచెం తక్కువైనా నేనైతే అక్కడికే వెళ్తాను.